మొహం చూపిస్తేనే హాజరు

పాఠాలు చెప్పడానికా నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది, ఫొటోలు తీయడానికా? గేటు దాటగానే ముందు నా మొహం ఫోనులో హాజరు యాప్‌కి చూపించాలి. 2022 నుంచీ ఇదే తంతు. చీపురుపల్లి అవతల మా బడికి సిగ్నలుంటే కదా! వేపచెట్టు కింద చెయ్యెత్తి నిలబడితే ఒక గీత వస్తుంది, పోతుంది. ఏడో తరగతి గుంటడు "మేడమ్, నీళ్ల ట్యాంకు కాడ బాగొస్తాది" అని సలహా. వాడికున్న జ్ఞానం ఆ యాప్ చేసినోళ్లకి లేదు.

తర్వాత పిల్లల హాజరు, కోడిగుడ్ల లెక్క, చిక్కీల లెక్క. మరి భిన్నాలెప్పుడు చెప్పాలి? మధ్యలో వాట్సాప్ గ్రూపులో "అర్జెంట్, గంటలో పంపండి". పోయిన వారం పంపిందే మళ్లీ ఎందుకండీ? ఫార్మాట్ మారిందట!

సాయంత్రం బస్సులో నిలబడే విజయనగరం చేరతాను. ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు: "ఏటమ్మా, నాలుక్కే బడి వదిలేస్తారు కదా, ఇంతసేపేటి?" మా ఆయన సోఫాలోంచే, "నీకేంలే, బోల్డన్ని సెలవులు". ఆ సెలవుల్లో ట్రైనింగులకి ఎవరెళ్లారో మరి!

పాపకి హోంవర్కు చేయిద్దామని కూర్చుంటే మళ్లీ గ్రూపు మోగుతుంది. గుడ్ల ఫొటో సరిగా కనిపించడం లేదట, ఇంకోటి పంపాలట. పిల్లలు మధ్యాహ్నమే తినేసిన గుడ్లని ఎక్కణ్ణుంచి తెచ్చి ఫొటో తీయను?