బిన్‌లో పడేసినా వదలని ఫైల్

ఈ ఫైల్ ప్రమాదకరమని యాంటీవైరసే చెబుతుంది, సరే తీసేద్దామని రీసైకిల్ బిన్ ఖాళీ చేయబోతే ‘ఇది వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది, మూసేసి మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తుంది, ఏ ప్రోగ్రామో మాత్రం చాలాసార్లు చెప్పదు. ఒళ్లు మండిపోతుంది నిజంగా! తీరా చూస్తే ఒక్కోసారి ఆ ఫైల్‌ని పట్టుకుని కూర్చున్నది ఆ యాంటీవైరసే. తను తీయదు, మనల్ని తీయనివ్వదు, స్క్రీన్ మూలన ఎర్ర హెచ్చరిక మాత్రం పదేపదే చూపిస్తూనే ఉంటుంది. పని చేసుకోవాలా, దీని టెన్షన్ పడాలా?

అసలు బిన్‌లో వేసినంత మాత్రాన ఫైల్ ఎక్కడికీ పోదు. అదే డ్రైవ్‌లో కనపడకుండా ఉండే ఒక ఫోల్డర్‌లోకి, డాలర్ గుర్తు, పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే అర్థంకాని పేరుతో చేరుతుంది. హెచ్చరికలో ఆ పేరు చూసి ఇదేదో కొత్త వైరస్ అని కంగారుపడేవాళ్లు ఎందరో. ఈ ముక్క అక్కడే ఒక్క లైన్‌లో రాస్తే ఏం పోయింది?

కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లో, అంటే తప్పనిసరి ప్రోగ్రామ్‌లు మాత్రమే నడిచేలా, ఆన్ చేసి బిన్ ఖాళీ చేస్తే చాలావరకు పోతుంది, లేదంటే యాంటీవైరస్‌లో క్వారంటైన్ జాబితా, అంటే అది అనుమానించి విడిగా బంధించిన ఫైళ్ల జాబితా, తెరిచి అక్కడినుంచి తీసేయాలి. నా కంప్యూటర్‌లో నాకు అక్కర్లేని ఫైల్ తీయడానికి ఇంత తతంగమా, ఇవేవీ తెలియని పెద్దవాళ్లు ఏం చేయాలి?