ఎనభై గుర్రాలూ ఒక దిబ్బా

నిన్న జరిగింది. ఇంకా కడుపులో మండుతూనే ఉంది. అందుకని వరస తప్పితే ఏమీ అనుకోవద్దు.

మా మామగారికి 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఒకటుంది. పదేళ్ళుగా షెడ్డులో కోళ్ళు దాంట్లో కాపురం చేస్తున్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావమరిది ఒక పండక్కి వచ్చి, కోళ్ళను తరిమి, "ఇది మామూలు కారు కాదు బావా, స్పోర్ట్స్ కారు" అన్నాడు. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు ఈ హెరాల్డ్ ఛాసీనే, అంటే కారు అడుగు చట్రాన్నే, కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చిన మాట నిజమే. కానీ తమ్ముడు కలెక్టరైతే అన్నకు బంగళా ఇవ్వరు కదా. మా వాడు ఇచ్చేశాడు.

పాత 948 సీసీ ఇనప ఇంజన్ దిగింది. దాని స్థానంలో మారుతీ జిప్సీ 1298 సీసీ ఇంజన్ ఎక్కింది. మారుతీ చిన్నకార్లలో ఇంజన్ అడ్డంగా పడుకుని ముందు చక్రాలను లాగుతుంది. జిప్సీలో మాత్రం నిలువుగా కూర్చుని బలాన్ని వెనక్కి పంపుతుంది. హెరాల్డ్‌దీ వెనక చక్రాల నడకే కాబట్టి జాతకాలు కలిశాయన్నాడు. ఎనభై హార్స్‌పవర్, అంటే పాతదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఆరు నెలలు పట్టింది. ఎంత ఖర్చయిందో రాయను, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

ఇంజన్ ఎక్కాక కొత్త చిక్కు. జిప్సీ ఇంజన్ అల్యూమినియంది, తేలిక. ఇన్నాళ్ళూ ఇనుము మోసిన స్ప్రింగులు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాయి. కారు ముక్కు పైకెత్తింది, పెళ్ళిచూపులకొచ్చిన మగపెళ్ళివారి మేనత్త లాగా. దాంతో బావమరిది ఎక్కడో ప్రత్యేకంగా సస్పెన్షన్ చేయించి తెచ్చాడు. మర తిప్పితే కారు కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది. ముందు దించితే వెనక ఎత్తయింది. వెనక దించితే ముందు ఎత్తయింది. పిల్లుల రొట్టె పంచిన కోతి లాగా అటొకసారి ఇటొకసారి తిప్పీ తిప్పీ, చివరికి కారు కడుపుకీ నేలకీ మధ్య మూడున్నర అంగుళాలు మిగిల్చాడు. "చూడు బావా, ఎట్లా వంగిందో, చిరుతపులి!" అన్నాడు. నాకైతే వరండాలో పడుకున్న వీధికుక్కలా కనిపించింది. అనలేదు. ఆ మాట అనకపోవడమే నేను చేసిన తప్పని ఇప్పుడు ఇంట్లో తేలుస్తున్నారు.

మామగారి బాధ వేరు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. ఆయన దానికోసం ఇరవై వేల రూపాయల ఫీజు కూడా పక్కన పెట్టుకున్నారు. అయితే ఛాసీ, బాడీ, ఇంజన్ మార్చకుండా ఉన్న బండికే ఆ గౌరవం. ఈ సంగతి మా బావమరిది ఇంజన్ ఎక్కించిన తర్వాత చదివాడు. అసలు కంపెనీ చేసినదానికి భిన్నంగా బండిని మార్చాలంటే ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలని కూడా అదే రాత్రి చదివాడట. ఇంజన్ లోపల ఎన్ని వాల్వులున్నాయో ముందే చదవగలిగినవాడు, చట్టం మాత్రం వెనకనుంచి చదువుతాడు. "పేపర్లు నేను చూసుకుంటా బావా" అన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

సరే, నిన్న. నంద్యాల రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో చుట్టాలమ్మాయి నిశ్చితార్థం. మా ఆవిడ తెలివైనది, పొద్దున్నే ఆటోలో వెళ్ళిపోయింది. వీడియో తీయాలని బావమరిది నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. వెనక మామగారు, ఆయన పక్కన మా పెద్దమ్మ, పెద్దమ్మ ఒళ్ళో పసుపు కుంకుమ, పండ్లు, చీర సర్దిన పళ్ళెం. మా కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర జనం తిరిగి చూశారు, కొందరు ఫోన్లు తీశారు. ఆ గర్వంలో, ట్రాఫిక్ తప్పించుకుందామని ఒక సందులోకి తిప్పాను.

సందులో స్పీడ్ బ్రేకర్ ఉంది.

స్పీడ్ బ్రేకర్ అనడం మర్యాద. రాత్రి కోపం ఆగక చదివాను. రోడ్లు ఎట్లా వేయాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ఒకటుంది. గుండ్రంగా కట్టే దిబ్బ 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలని వాళ్ళు రాసిపెట్టారు. చారలుండాలి, ముందు బోర్డుండాలి. మా సందులోది వెడల్పు రెండు జానలు, ఎత్తు అరజానెడు పైనే. చారల్లేవు, బోర్డు లేదు. ఎవరు వేశారంటే ఎవరూ వేయలేదంటారు. రాత్రికి రాత్రి పుట్టలా మొలిచి ఉంటుంది, రేపెవరైనా పాలు పోసినా ఆశ్చర్యం లేదు.

ముందు చక్రాలు దాటాయి. తర్వాత కింద 'కర్ర్ర్' మని, ఇత్తడి బిందెను బండమీద ఈడ్చినట్టు ఒక శబ్దం. అంతే. కారు కడుపు దిబ్బమీద కూర్చుంది. పెద్దమ్మ, మామగారు భయపడి దిగారు. వెనక బరువు తగ్గేసరికి కారు తక్కెడలాగా మెల్లగా ముందుకు ఒరిగి, తోక పైకెత్తింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. హెరాల్డ్ వెనక చక్రాలకు ఒక గుణముంది. రెండు పక్కలా ఇరుసులు మధ్యలో కీలు దగ్గర వేలాడుతుంటాయి. కారును పైకెత్తితే చక్రాలు తిన్నగా దిగవు, అడుగుభాగం లోపలికి ముడుచుకుంటుంది. చంటిపిల్లను చంకల్లో పట్టుకుని ఎత్తితే కాళ్ళు ముడుచుకుంటుంది చూడండి, అచ్చం అట్లా. దానికితోడు మా బావమరిది వేయించిన షాకబ్జర్లు పొట్టివి, ముడుచుకున్న కాళ్ళను నేల తాకనివ్వవు. నిండు బజారులో మా చిరుతపులి, స్నానం వద్దని కాళ్ళు ముడుచుకున్న పసిపిల్లలా వేలాడుతోంది.

నేను యాక్సిలరేటర్ తొక్కాను. తొక్కకూడదని ఇప్పుడు తెలుసు. ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ అనేది ఏ చక్రం తేలిగ్గా తిరిగితే బలాన్ని అటే వదిలేస్తుంది, అడిగినవాడికి కాకుండా అడ్డంలేనివాడికి పని జరిగే మన ఆఫీసుల్లాగా. ఎనభై గుర్రాలూ కలిసి ఎడమ చక్రం ఒక్కదాన్ని గాల్లో గిరగిరా తిప్పాయి. ఇంజన్ రంకె వేసింది. కారు వెంట్రుకవాసి కదల్లేదు.

"సార్, బోరు వేస్తున్నారా?" అన్నాడు ఒక కుర్రాడు. "ఈ వీధిలో ఎనిమిది వందల అడుగులు పోయినా పడదు సార్!"

1953 నుంచి మూడేళ్ళు రాజధానిగా ఉండి, అంతా హైదరాబాదుకు వెళ్ళిపోతుంటే నిలబడి చూసిన ఊరు ఇది. ఆగిపోయిన దాన్ని చూసే ఓపిక మా వాళ్ళకు వంశపారంపర్యం. పది నిమిషాల్లో నలభై మంది. ఎవరో బానెట్ ఎత్తారు. హెరాల్డ్ బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరులా తెరుచుకుంటుంది, దాపరికం ఏమీ ఉండదు. "ఇది జిప్సీది కదన్నా" అని ఒకాయన రెండు సెకన్లలో పట్టేశాడు. మామగారు కొడుకు వైపు చూశారు. కొడుకు వీడియో తీస్తున్నాడు.

ఉగ్గాని బజ్జీల బండి ఆయన జల్లిగంటె పట్టుకుని వచ్చి, ఒంగి చూసి తీర్పు చెప్పాడు. "వెనక బరువు పడాల సార్. చక్రం నేలకు ఆనితే అదే పోతుంది."

ముగ్గురు కుర్రాళ్ళు డిక్కీ మీద కూర్చున్నారు. ఇంకో రెండు వేళ్ళ దూరం మిగిలింది. నాలుగో కుర్రాణ్ణి పిలవొచ్చు. మామగారున్నారు. వీడియో తీసేవాడున్నాడు. నలభై మంది ఉన్నారు. నేను మాత్రం, ఆ దేవుడు నా నాలుక మీద కూర్చుని ఆడించాడో ఏమో, కిటికీలోంచి తల బయటపెట్టి, అందరికీ వినపడేలా,

"పెద్దమ్మా, మీరు ఎక్కితే కారు దిగుతుంది" అన్నాను.

సందు నిశ్శబ్దమైంది. తర్వాత నవ్వు ఒక్కచోట మొదలై చివరిదాకా పోయింది. బజ్జీలాయన జల్లిగంటెతో ముఖం కప్పుకున్నాడు. పెద్దమ్మ నన్ను ఒక చూపు చూసి, పళ్ళెం పట్టుకుని, కొంగు బిగించి ఎక్కింది. ఎక్కడమే కాదు, తలుపు గట్టిగా వేసింది. దిబ్బ దిగడానికి ఆ తలుపు దెబ్బే కారణమని నా అనుమానం.

నా కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది. చక్రం నేలకు తగిలింది. అంతసేపూ గాల్లో తిరిగిన గుర్రాలన్నీ ఒక్కసారి భూమిని పట్టుకున్నాయి. కారు దిబ్బమీంచి దూకింది. డిక్కీ మీద ఇద్దరు కిందికి జారారు, మూడోవాడు కొంతదూరం మాతో వచ్చాడు. సైలెన్సర్ రాలేదు, దిబ్బ దగ్గరే ఉండిపోయింది. కుంకుమ అంతా పైకి లేచి దిగింది. బ్రేకు తొక్కి, అద్దంలో చూస్తే వెనక సీట్లో అమ్మవారు.

బ్రేకు ఎందుకు తొక్కానంటే, నలభై అడుగుల ముందు రెండో స్పీడ్ బ్రేకర్ ఉంది.

పెద్దమ్మ ఏమీ అనకుండా దిగి ఆటో ఎక్కింది. ఫంక్షన్ హాల్లో మా బావమరిది వీడియో మాకంటే ముందే చేరింది. కారును పైకి లేపే ఆ మర తిప్పాలంటే ప్రత్యేకమైన కొక్కెం స్పానర్ కావాలి. అది బెంగళూరులో వాడి టేబుల్ సొరుగులో ఉందట. రాత్రి బస్సెక్కి వెళ్ళాడు. కొరియర్ చేస్తానన్నాడు. కారు మాత్రం ఆ సందులోనే ఉంది, ముందొక దిబ్బ, వెనకొక దిబ్బ.

ఇందాక బజ్జీలాయన ఫోన్ చేశాడు.

"సార్, పెద్దాయన పొద్దున్నే వచ్చి కార్లో కూర్చుని రెండు ప్లేట్లు ఉగ్గాని తిని పోయినారు. డబ్బులు అల్లుడిస్తాడన్నారు."