పదిహేడో స్థానం కింది గీత గారికి

మహారాజశ్రీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ పాయింట్ల పట్టికలో పదిహేడుకూ పద్దెనిమిదికీ నడుమ నివసించు గీత గారికి,

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టు అభిమానులం కొందరం రాసుకున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. సీజన్ ముగిసేసరికి మీ కింద మిగిలిన మూడు జట్లూ కింది డివిజన్‌కి పోవాల్సిందే. పైన ఉండేవాళ్లు, కింద పడేవాళ్లు మారుతుంటారు గానీ మీకేం కాదు.

తిరుపతికీ లెస్టర్‌కీ సంబంధమేంటని మీరు అడగొచ్చు. మా ఇళ్లలో ఇప్పటికీ అడుగుతున్నారు. 2016లో, గెలిస్తే 1కి 5000 ఇస్తామని పందేలవాళ్లు తీసిపారేసిన జట్టు ఏకంగా లీగే గెలిచేసింది. అప్పుడు హాస్టళ్లలో ఉన్న మాలాంటి వాళ్లకి అంతకంటే ఏం కావాలి? పైగా యజమాని థాయిలాండ్ ఆయన, ఇంటిపేరు శ్రీవద్ధనప్రభ. బౌద్ధ భిక్షువులు స్టేడియానికి వచ్చి ఆటగాళ్లను ఆశీర్వదించేవాళ్లు. యజమాని పేరులో శ్రీ ఉంది, గ్రౌండులో స్వాములున్నారు. తిరుపతి వాళ్లం ఇంకే జట్టును పట్టుకుంటామండీ!

సరే, అసలు సంగతికి వస్తా. 2023 మే 28, ఆదివారం. ఆ రోజు ఎన్టీఆర్ శతజయంతి. రాత్రికి అహ్మదాబాద్‌లో చెన్నై, గుజరాత్ జట్ల ఐపీఎల్ ఫైనల్. తిరుపతిలో చెన్నై ఆడుతోందంటే సొంత జట్టు ఆడుతున్నట్టే. ధోనీ అంటే ఇంట్లో మనిషి. అలాంటి రాత్రి తొమ్మిది గంటలకు మీరు లెస్టర్ తలరాత తేల్చడానికి కూర్చున్నారు. మా గదిలో ల్యాప్‌టాప్ ముందు మేం. కింద హాల్లో టీవీ ముందు ఇంటి ఓనరు అంకుల్. అహ్మదాబాద్‌లో వాన పట్టుకుంది. పిచ్ మీద కప్పిన పట్టలు చూసి చూసి విసుగెత్తి, ఆయన మెట్లెక్కి మా గదికి వచ్చేశాడు.

అప్పటికి మా పైనున్న ఎవర్టన్ జట్టుకి 33 పాయింట్లు, మాకు 31. మేం వెస్ట్‌హామ్ మీద గెలవాలి, బోర్న్‌మత్ మీద ఎవర్టన్ గెలవకూడదు. 34వ నిమిషంలో హార్వీ బార్న్స్ గోల్ కొట్టాడు. పట్టికలో లెస్టర్ ఒక మెట్టెక్కింది, మీరు మా కాళ్ల కిందికి దిగారు. మంచం మీద ఎక్కి గంతులేశాం. అంకుల్‌కి ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాడు. 57వ నిమిషంలో అక్కడ ఎవర్టన్ ఆటగాడు డుకూరే పెనాల్టీ బాక్స్ అంచు నుంచి బంతిని వాయించాడు. మీరు మళ్లీ మా నెత్తికెక్కారు. ఆ తర్వాత మా వాడు ఫాస్ తలతో ఇంకో గోల్ కొట్టినా మీరు కదల్లేదు. మేం 2-1తో గెలిచాం, ఎవర్టన్ 1-0తో గెలిచింది. ఆఖరి లెక్క ఎవర్టన్ 36, లెస్టర్ 34.

"గెలిచినారు గదరా, మళ్లా ఏడస్తా ఉండారేంది?" అన్నాడు అంకుల్.

రెలిగేట్ అయ్యామని, అంటే కింది డివిజన్‌కి పడిపోయామని చెప్పాం.  ఆయన కాసేపు ఆలోచించి, "అట్లయితే రేపు ఇంకోసారి ఆడించమనండి. మా మ్యాచ్ రేపటికి మార్చినారు గదా" అన్నాడు. ఆ రేపటి ఆట అర్ధరాత్రి దాటాక ముగిసింది. ఆఖరి రెండు బంతుల్ని జడేజా సిక్సు, ఫోరు కొట్టి చెన్నైకి కప్పు తెచ్చాడు. వానకి రిజర్వ్ డే పెట్టారు గానీ డుకూరేకి పెట్టలేదు. మీ రాజ్యంలో ఈ లోటు మీకెప్పుడూ కనిపించలేదా?

మా వాడి మొక్కు సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. "సామీ, ఆదివారం లెస్టర్ గెలిస్తే అలిపిరి నుంచి నడిచొచ్చి గుండు కొట్టించుకుంటా" అని మొక్కుకున్నాడు. సామి గెలిపించాడు. వడ్డీకాసులవాడి దగ్గరికెళ్లి "గెలవడం అంటే నా ఉద్దేశం అది కాదు" అంటే కుదురుతుందా? 3550 మెట్లూ ఎక్కాడు. కల్యాణకట్టలో పక్కన కూర్చున్న పెద్దాయన ఏం మొక్కు నాయనా అంటే, మా జట్టు గెలిచిందని చెప్పాడట. అప్పట్నుంచి మా వాళ్లు ఏం మొక్కుకున్నా పాయింట్లు, గోల్ తేడా, పక్క మైదానం ఫలితంతో సహా విన్నవించుకుంటున్నారు.

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా వాకబు చేశాం, ఏమనుకోకండి. ఇంగ్లండ్‌లో మొదట ఎవరు పైకి, ఎవరు కిందికి అన్నది టెస్ట్ మ్యాచ్‌లని (క్రికెట్‌వి కాదు, ఫుట్‌బాల్‌వే) విడిగా పెట్టి తేల్చేవాళ్లు. 1898లో స్టోక్, బర్న్‌లీ తలపడ్డాయి. డ్రా అయితే చాలు, ఇద్దరికీ పై డివిజన్‌లో చోటు ఖాయం. ఇంకేముంది, 0-0. ఆ దెబ్బతో టెస్టులు ఎత్తేసి, అట్టడుగున ఉన్నవాళ్లు తిన్నగా కిందికే అన్నారు. అంటే ఇద్దరు చేతులు కలిపితే పుట్టిన పిల్ల మీరు. అందుకేనేమో ఎవరి మాటా వినరు.

మీరు పనిచేసే చోటు ఇంగ్లండ్ ఒక్కటే అనుకునేరు. మా ఊరి కార్పొరేట్ కాలేజీల్లో మీ శాఖలు ఎప్పుడో తెరిచారు. ఆదివారం పరీక్ష, రెండ్రోజుల్లో నోటీసు బోర్డు మీద లిస్టు. మార్కులు తగ్గితే పుస్తకాల సంచీ, వాటర్ బాటిల్ పట్టుకుని కింది సెక్షన్‌కి పోవాలి. కొత్త గదిలో బెంచీ వెతుక్కునేటప్పుడు ఎవడూ తలెత్తి చూడడు. వాళ్లంతా ఆ తలుపులోంచే వచ్చినవాళ్లు. లెస్టర్ లాంటి క్లబ్బు పడితే పారాచూట్ డబ్బులిస్తారు, టీవీ వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45. మా పిల్లాడికి పారాచూట్ లేదు. సెక్షన్ రెండో డివిజన్, ఫీజు మాత్రం ప్రీమియర్ లీగ్‌దే.

పిల్లల మీద ఇంత ప్రతాపం చూపించే మీరు మన దేశంలో ఐపీఎల్ లాంటి పెద్దల ఆటలో అడుగే పెట్టలేదు. మన డెక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో అట్టడుగు, 2009లో ఛాంపియన్. మీరుంటే ఆ కప్పు మాకు దక్కేది కాదు, ఆ ఒక్కదానికి మాత్రం థాంక్స్. కానీ 2012లో ఫ్రాంచైజీనే రద్దు చేశారు. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు కొట్టింది. తర్వాత జీతాలు, బాకీల గొడవల్లో పడి 2023-24లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున తేలింది. అయినా కింది లీగ్‌కి దించలేదు, మీరు లేరు కదా. 2025లో తిన్నగా ఢిల్లీకి ఎత్తుకుపోయారు. డివిజన్ మారితే మా జట్టు మా ఊళ్లోనే ఉంటుంది, వచ్చే ఏడాది చూసుకుందాం అనుకోవచ్చు. ఊరే మారిస్తే అభిమాని ఎక్కడికి పోవాలి?

అందుకే 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని పన్నెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కూడబలుక్కుని, తమని ఎవరూ దించలేని సూపర్ లీగ్ పెట్టుకుంటామన్నప్పుడు మాకు కూడా ఒళ్లు మండింది. ఇంగ్లండ్‌లో అభిమానులు రోడ్డెక్కారు. రెండ్రోజుల్లో అక్కడి క్లబ్బులు ఆరూ తోక ముడిచాయి. మిమ్మల్ని కాపాడింది మీరు ఏడిపించినవాళ్లేనండీ. ఆ విశ్వాసం 2023లో కాస్తయినా చూపించాల్సింది. మా జట్టు ఆ సీజన్‌లో 38కి 22 మ్యాచ్‌లు ఓడిన మాట వాస్తవమే అనుకోండి, అయినా.

ఇప్పుడు ఏటా మే 28న తద్దినం పెడుతున్నాం. తిథి ప్రకారమా, తేదీ ప్రకారమా అని మొదటేడు గొడవ పడి తేదీకే ఓటేశాం. ఎన్టీఆర్ జయంతి కాబట్టి మర్చిపోయే భయం లేదు. మేడ మీద చాప వేసి గారెలు తింటూ, 34వ నిమిషం నుంచి చూడటం మొదలుపెడతాం. హాఫ్ టైమ్‌లో టీ. 57వ నిమిషం రాబోతుండగా ల్యాప్‌టాప్ మూసేస్తాం. 2016 కప్పు వీడియో పెడదామని ఒకడంటే ఎవరూ సరేననలేదు. కప్పు కొట్టిన ముచ్చట అందరికీ తెలుసు, ఈ నిమిషాలు మాకే సొంతం.

ఇక మా విన్నపం. 2024లో లెస్టర్ 97 పాయింట్లతో ఛాంపియన్‌షిప్ అనే రెండో డివిజన్ గెలిచి పైకొచ్చింది. మీరేమో 2025లో మళ్లీ దించారు. సొంత మైదానంలో వరసగా తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఓడినవాళ్లని ఎందుకు దించారని అడగం. కానీ ఏప్రిల్ 20నే తేల్చేశారు, ఇంకా అయిదు మ్యాచ్‌లు ఉండగానే. టెన్షన్ లేదు, పక్క మైదానం లెక్కలు లేవు, మొక్కుకోవడానికి కూడా టైమివ్వలేదు. దించదలిస్తే మే ఆఖరి ఆదివారం దాకా ఆగండి. ఏడాదికి రెండు తద్దినాలంటే గారెల ఖర్చు మేం ఎలాగో పెట్టుకుంటాం గానీ, ఏప్రిల్‌లో ఐపీఎల్ నడుస్తుంటుంది కాబట్టి మేడ ఇచ్చేది లేదని ఓనరు అంకుల్ ఖరాఖండిగా చెప్పేశాడు.

ఇట్లు,
మీ కింద ఉన్నప్పుడు కూడా జెర్సీ విప్పని
బైరాగిపట్టెడ లెస్టర్ బృందం