పాతబస్తీ గోడలకు సున్నం వేయరాదు

ఒక ముఖ్యమైన విషయంలో ప్రభుత్వం వెంటనే కలగజేసుకోవాలి. హైదరాబాద్ పాతబస్తీలో కొందరు తమ ఇళ్లకు రంగులు వేయించుకుంటున్నారు. పెచ్చులూడిన గోడలకు సిమెంటు పూయిస్తున్నారు. చెదలు పట్టిన పాత తలుపులు పీకేసి ఇనప గేట్లు పెట్టిస్తున్నారు. ఇదేమిటని అడిగితే "వానకు కురుస్తోందండీ" అంటారు. కురుస్తుంది, కాదనం. కానీ ఆ నెమ్ము మరక మీద పొద్దున్నే పడే ఏటవాలు ఎండ, మీడియం ఫార్మాట్ ఫిలిం (మామూలు రీలు కంటే వెడల్పాటిది) మీద ఎంత అందంగా వస్తుందో ఆ ఇంటాయనకు ఎవరైనా నచ్చజెప్పారా?

ఈ అన్యాయానికి బలవుతున్నవాడు ఫిలిం ఫొటోగ్రాఫర్. ఆయన ఉండేది కొండాపూర్‌లో, పద్దెనిమిదో అంతస్తులో. అక్కడ గోడ మీద అరచేతంత చెమ్మ కనబడితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు దద్దరిల్లిపోతుంది. ఆదివారం వస్తే మాత్రం మెడలో యాషికా మ్యాట్ 124జి వేలాడేసుకుని చార్మినార్ దగ్గర దిగి, చెమ్మ కోసం వెతుకుతాడు. ఆ కెమెరాకు రెండు లెన్సులు. పైది చూడ్డానికి, కిందది తీయడానికి. రోలుకు 12 ఫొటోలు. రోలు ధర వెయ్యికి అటూ ఇటూ, కడిగించి స్కాన్ చేయించే ఖర్చు వేరే. ఇంత త్యాగం చేస్తున్నవాడికి ఊరు కాస్తయినా సహకరించాలా వద్దా?

సహకరించదు. మంచి వెలుగు ఉండేది తెల్లవారుజామున. అప్పుడు లాడ్ బజార్‌లో షట్టర్లన్నీ దించి ఉంటాయి. పదకొండు దాటాక దుకాణాలు తెరుస్తారు, అప్పటికి ఎండ నడినెత్తికొస్తుంది. 400 స్పీడ్ ఫిలింకి లెన్సు కన్నం బాగా కుదించి (ఎఫ్16), షట్టరును సెకనులో ఐదువందలో వంతుకు పెట్టి నొక్కితే బొమ్మ ఎలాగూ పడుతుంది. కానీ ఆ నీడల్లో ఆత్మ ఉండదట. గాజుల వ్యాపారులు సూర్యోదయానికల్లా కొట్లు తెరిచి, ఏడున్నరకు మూసేస్తే ఎవరికి నష్టం? కొనేవాళ్లు ఉండరంటారా, ఉండకపోవడమే మంచిది. ఫ్రేము ఖాళీగా, హుందాగా ఉంటుంది.

ఆటోవాళ్లది మరో సమస్య. ఈ కెమెరాను బొడ్డు దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజు పలకలోకి చూడాలి. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనబడుతుంది. గుల్జార్ హౌజ్ దగ్గర ఎడమ నుంచి ఆటో వస్తుంటే మనవాడు కుడి నుంచి వస్తోందనుకుని, సరిగ్గా దాని ముందుకే జరుగుతాడు. ఆటో డ్రైవర్ అన్న మాటలు ఇక్కడ రాయలేను. కళను అర్థం చేసుకునే డ్రైవర్లు కరువయ్యారని మాత్రం రాయగలను.

అసలు గొప్పతనమంతా గాజుల దగ్గరుంది. బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న పనివాడు లక్కను మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా తిప్పి, వేడి తగ్గేలోపు రాళ్లు పొదుగుతాడు. ఎరుపు, పచ్చ, రాణీ రంగు, నెమలికంఠం రంగు. వీధి వీధంతా కళ్లు చెదిరిపోతుంది. మనవాడు లోడ్ చేసుకొచ్చింది బ్లాక్ అండ్ వైట్ రోలు. రంగు అనేది దృష్టిని మరలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఫోకస్ కుదిరేదాకా పనివాణ్ని చెయ్యి కదపొద్దంటాడు. లక్క మాత్రం గట్టిపడిపోతుంది, దానికి ఫొటోగ్రఫీ తెలియదు. తీరా క్లిక్‌మన్నాక పనివాడు చెయ్యి తుడుచుకుని "దిఖావ్ భాయ్" అంటాడు. కెమెరా వెనకంతా తోలు అట్ట, చూపించడానికి తెర లేదు. మూడు వారాల తర్వాత వస్తుందని మనవాడు వివరిస్తాడు. పనివాడు ఆ కెమెరా వంక జాలిగా చూసి, తన ఫోనిచ్చి "దీంతో తీసుకో" అంటాడు. అవమానాల్లో ఇంతకు మించింది లేదు.

ఫిలిం వాళ్లు తరచూ రాజా దీన్‌దయాళ్ పేరెత్తుతారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. ఫిలింకి బదులు గాజు పలకల మీద ఈ ఊరిని పట్టి ఉంచాడు. పోలిక సబబే. ఆయనకు నిజాం కొలువుంది, మనవాడికి వీకాఫ్ ఉంది. ఒక్క తేడా, దీన్‌దయాళ్ దగ్గర ఫోన్ కెమెరా లేదు. ఉండి ఉంటే గాజు పలకలు మోసేవాడా అన్నది నా చిల్లర అనుమానం, పట్టించుకోకండి.

అన్నట్టు, మనవాడి కెమెరాలో వేసే ఈ 120 రకం ఫిలిం 1901 నుంచీ ఉంది. మన తాతలు అగ్ఫా క్లిక్ 3లో వేసుకుని తిరుపతి గుండ్లు తీసింది దీంతోనే. వాళ్లకూ 12 ఫొటోలే. "కదలకండర్రా, రోలు దండగ" అని పిల్లల మీద అరిచారు తప్ప, ఫిలిం నాకు జీవితంలో నెమ్మదితనం నేర్పింది అని ఒక్క తాత కూడా అనలేదు. వెనకబడిన తరం.

నెగెటివ్ సైజు మామూలు 35 ఎంఎం కంటే మూడున్నర రెట్లు పెద్దది. అందులో పడిన ప్రతి ఇటుకనూ స్కాన్ చేసి, కుదించి, అరచేతి ఫోనులో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. "కాలం ఆగిన చోటు" అని కింద రాస్తారు. అక్కడ కాలం ఆగిన దాఖలాలు నాకైతే దొరకలేదు. 1591 నాటి చార్మినార్‌కు 1889లో నాలుగు వైపులా గడియారాలు కూడా పెట్టారు. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, పత్తర్‌గట్టిలో రాతి కమానులతో కొత్త బజారు కట్టింది. ఇవాళ మనవాడు "పురాతనం" అని మురిసిపోయేది ఆ కొత్త బజారునే. ఆనాడు ఎవరో ఒకరు పాత దుకాణాలు కూల్చేస్తున్నారని ఏడ్చే ఉంటారు.

కాబట్టి నా డిమాండ్లు సబబైనవే. కరెంటు తీగలన్నీ తీసేయాలి, కరెంటు మాత్రం ఇళ్లవాళ్లే చూసుకోవాలి. ప్రతి గల్లీకి ఒక తెల్లగడ్డం పెద్దాయన, ఒక మేక ఉండాలి, ఇద్దరూ కెమెరా వంక చూడకూడదు. స్లాబ్ పోసుకోవాలనుకున్నవాళ్లు ముందు ఫొటోగ్రాఫర్ల సంఘం నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. ఇంతా చేసి ఆ ఇల్లు ఏ వానాకాలమో కూలిపోతే ఇంటాయన దిగులు పడక్కర్లేదు. ఆయన గోడను నాలుగడుగుల ప్రింటు వేసి బంజారాహిల్స్ గ్యాలరీలో పెడతాం, ఓపెనింగ్‌కు ఆయన్నీ పిలుస్తాం. ప్రింటు కావాలంటే మాత్రం అందరి రేటే, డిస్కౌంట్ అడగొద్దు.