గదీ, అన్నమూ

మా ఊరి నుంచి నెల్లూరు జిల్లా కావలి పదకొండు మైళ్ళు. 1956 జూన్‌లో మా నాయన నన్ను హైస్కూల్లో చేర్చడానికి ఎద్దులబండి కట్టాడు. మాది ఉదయగిరి వైపు మెట్ట. వరన్నం పండగనాడే. అందుకే బండిలో సజ్జల మూట ఒకటి, జొన్నల మూట ఒకటి, చింతకాయ పచ్చడి జాడీ, చాప, ఇత్తడి చెంబు. దారంతా మా నాయన స్కూలు ఫీజు గురించి ఒక్క మాట కూడా అనలేదు. పిల్లోడు ఎక్కడ పడుకోవాల, ఎవరు వండిపెట్టాల అనే ఆయన దిగులు.

ఎనభై దాటిన నాకు, ఇక్కడ, కావలిలో చదువుకున్న మన వాళ్ళ సంఘం సమావేశాల్లో కూర్చున్నప్పుడల్లా ఆ బండి ప్రయాణమే గుర్తొస్తుంది. చదివిన ఊరికి ఏదైనా చేద్దాం అనగానే ఆర్చీ కట్టిద్దామనో, హాలు కట్టి దాతల పేర్లు చలవరాయి మీద చెక్కిద్దామనో మొదలుపెడతాం. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే. కానీ మనల్ని చదివించింది గోడలు కాదు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి ఆ ఊళ్ళో ఒక గదీ, రెండు పూటలా అన్నమూ దొరికితే చదివాడు. దొరకకపోతే ఇంటికి పోయాడు. మన డబ్బు పోవాల్సింది అక్కడికి.

కావలికి కాలేజీ వచ్చింది 1951లో. అప్పటికింకా మనది మద్రాసు రాష్ట్రమే. అంతకుముందు ఇంటర్మీడియట్ చదవాలంటే నెల్లూరు వి.ఆర్. కాలేజీకి పోవాలి, లేదంటే ఇంకా దూరం. దొడ్ల రామచంద్రారెడ్డి గారు కావలిలో జవహర్ భారతి పెట్టడంతో మెట్ట పల్లెలకు కాలేజీ అనేది కంటికి కనబడే దూరంలోకి వచ్చింది. ఊరికి రైలుండటం కూడా కలిసొచ్చింది. బిట్రగుంట రైల్వే క్వార్టర్ల నుంచి కొందరు, ఉలవపాడు వైపు నుంచి కొందరు పాసింజరు బండి దిగి పుస్తకాలు చంకన పెట్టుకుని నడిచి వచ్చేవాళ్ళు. ఉలవపాడు ఉన్న కందుకూరు తాలూకా అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. ఎవరిది ఏ జిల్లా అన్న ఆలోచనే మాకు లేదు, అందరం కావలి కాలేజీ పిల్లలమే. అక్కడ కె.వి. రమణారెడ్డి గారు తెలుగు చెప్పేవారు. ఆయన గురజాడ గురించి మాట్లాడుతుంటే, పద్యమంటే భయపడే మాలాంటి సైన్సు పిల్లలం కూడా వెనక బెంచీల్లో చేరి వినేవాళ్ళం.

హైస్కూల్లో చేరినప్పుడు నాకు గది దొరికింది ఒక ముసలావిడ ఇంట్లో. భర్త పోయాడు, పిల్లలు లేరు. ముగ్గురం పిల్లలం ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. వసారా పక్క గది, తలకు నెలకు పన్నెండణాలు. గింజలు మావి, కట్టెలు మావి, వంట ఆమెది. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చాయి. డెబ్బై అయిదు పైసలు లెక్కపెట్టి చేతిలో పెడితే ఆమె తిరిగి నా చేతిలోనే పోసింది. "ఈ కొత్త లెక్కలు నాకొద్దు నాయనా, నా పన్నెండణాలు నాకీ" అంది. కోమటి అంగడికి పోయి మూడు పాత పావలాలు మార్చుకొచ్చి ఇచ్చాను. హైస్కూలు ఆఖరి పరీక్షలు, ఎస్సెల్సీ ముందు నాకు జ్వరం తగిలితే మూడు రాత్రులు నిద్రపోకుండా తడిగుడ్డ వేసింది. నా డిగ్రీలో సగం ఆమెది. ఆమె పేరు ఏ రాతి మీదా లేదు.

ఇక్కడితో ఆపితే తీపి జ్ఞాపకంగానే మిగులుతుంది. కానీ ఇంకొకటి చెప్పకపోతే అబద్ధమవుతుంది.

నాతోపాటు 1962లో పి.యు.సి.లో, అంటే డిగ్రీకి ముందు కాలేజీ చదువులో, చేరిన స్నేహితుడొకడు. లెక్కల్లో నాకంటే ఎప్పుడూ ముందే. వాళ్ళది మాలపల్లె. గది కోసం ఊరంతా తిరిగాడు. ఏ ఇంటికి పోయినా ముందు కులమే అడిగారు. హాస్టల్లో సీటు లేదన్నారు. ఎనిమిది మైళ్ళ దూరం నుంచి అద్దె సైకిలు మీద వచ్చేవాడు. కార్తీకంలో వానలు పట్టాయి, వాగులు పొంగాయి, హాజరు తగ్గింది, పరీక్షకు కూర్చోనివ్వలేదు. తర్వాత గూడూరు వైపు అభ్రకం గనుల్లో పనికి పోయాడని విన్నాను. మా పెద్దమ్మ కూడా అతన్ని వసారా ఎక్కనివ్వలేదు. నాకు తడిగుడ్డ వేసిన చెయ్యే అది. ఒక్కసారి ఉండనివ్వు పెద్దమ్మా అని నేను అడగలేదు. పదిహేడేళ్ళ వాడికి నోరు రాలేదని సర్ది చెప్పుకోవడం నాకు చేతకాదు.

ఆడపిల్లల సంగతి సరేసరి. మా ఊళ్ళో అయిదో తరగతి దాటిన ఆడపిల్ల మా చెల్లెలితో కలిపి ఇద్దరే. ఆ పైచదువుకు కావలి పంపాలంటే ఎవరింట్లో ఉంచాలన్న దగ్గరే మాట తెగిపోయేది.

ఇప్పుడు కాలం మారింది, బస్సులున్నాయి, ఫీజులకు ప్రభుత్వ పథకాలున్నాయి అంటారు. నిజమే. కానీ పోయినసారి వెళ్ళినప్పుడు మా అన్న మనవరాలు, డిగ్రీ రెండో సంవత్సరం, తెల్లవారి అయిదున్నరకు బస్సెక్కి రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరడం చూశాను. ప్రైవేటు హాస్టలుకు అడిగే డబ్బు వాళ్ళ నాన్న ఇవ్వలేడు. ల్యాబ్ ఉన్న రోజు ఆఖరి బస్సు తప్పుతుందని మధ్యలోనే లేచి వస్తుందట. చెబుతూ ఆ పిల్ల తల దించుకుంది. ఆ తలదించుకోవడం నేను ఎరుగుదును.

అందుకే హాలు కోసం అనుకున్న డబ్బుతో కావలిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుందాం అంటున్నాను. ముందు ఆడపిల్లలకు. పదీ పన్నెండు మంచాలు, ఒక వంటావిడ, రాత్రి తోడుండే ఒక పెద్ద మనిషి. కులం అడగకూడదు, అది మొదటి షరతు. భవనం ఒక్కసారి కట్టి ఫొటో దిగితే అయిపోతుంది, దీనికి ఏటేటా డబ్బు పంపాలి. కష్టమంతా అక్కడే ఉందని నాకు తెలుసు.

సంక్రాంతికి ఊరికి పోతున్నాను. అద్దెలు, వంటావిడ జీతం, నెలకు బియ్యం, కూరగాయల ఖర్చు విచారించుకుని కాగితం మీద రాసుకొస్తాను. ఉగాది సమావేశంలో నాకు పది నిమిషాలు ఇవ్వండి.