రామప్పకి గంట టైమేనా?
వరంగల్‌ని ఒక్క రోజుల చుట్టి రావొచ్చని మీ ఆర్టికల్‌ల రాసిన్రు, ప్లాన్ మంచిగనే ఉంది గానీ అండ్ల రామప్ప గుడికి గంటనేనా అండీ? మాది హన్మకొండే, ఇప్పటికీ వీలు దొరికితే పోతుంట. 1213ల కట్టిచ్చిన గుడి, గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద ఏటవాలుగ నిలబెట్టిన మదనికలేమో (ఆడవాళ్ల శిల్పాలు) నల్లరాయి, సాయంత్రం ఎండ పక్క నుంచి పడ్డప్పుడు వాటి మెడల హారాల పూసలు ఒక్కొక్కటి లెక్కవెట్టొచ్చు, ఒకామె కాళ్లకైతే మడమ ఎత్తున్న చెప్పులు గూడ ఉంటయ్ చూడున్రి. ఈ గుడి మీది నాట్య భంగిమలు చూస్కుంటనే నాట్య గురువు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలం నాటి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోసిన్రు, ఆ ముక్క ఆర్టికల్‌ల ఉంటే మస్తుండు. గుడి చూసినంక చాలమంది సీదా కారెక్కుతరు, పక్కనున్న చెరువు గూడ కాకతీయుల కాలందే, ఇప్పటికీ దాని నీళ్లతోని వరి పండుతది, కట్ట మీద కాసేపు కూసుంటే కొంగలు, నీటికాకులు కనపడ్తయ్, పిల్లలకి బాగ నచ్చుతది. వరంగల్ కోట గూడ అంతే, తోరణాల కాడ సెల్ఫీ దిగి వాపస్ వస్తరు, మట్టికోటకీ రాతికోటకీ నడుమ పొలాలు, ఇండ్లు ఉన్నయ్, ఆ రోడ్డెంబడి నడిస్తేనే కోట ఎంత పెద్దదో సమజైతది. రెండు రోజుల ప్లాన్ గూడ ఒకటి రాయున్రి, మొదటి రోజు కోట, వేయిస్తంభాల గుడి, రెండో రోజు మొత్తం రామప్పకే ఇడిసిపెట్టున్రి.