మోకాలు నాదే, గాయం అందరిదీ

గుంటూరు బ్రాడీపేటలో స్కూటర్ మీంచి పడి నా మోకాలు దోక్కుపోయి పదిహేను రోజులైంది. ఈ సందర్భంగా ఒక ప్రమాదాన్ని ప్రజల దృష్టికి తేవడం నా ధర్మం. ప్రమాదమంటే స్కూటర్ సంగతి కాదు. మా అబ్బాయి మెడికల్ షాపు నుంచి తెచ్చిన, గాయం మీద అంటించే ప్యాచ్ సంగతి.

మన వైపు గాయం ఎవరి సొంతమూ కాదు, ఉమ్మడి ఆస్తి. నేను పడ్డ గంటలోపే పక్క పోర్షన్ పిన్నిగారు పసుపు డబ్బాతో దిగారు. బాబాయి కాఫీ పొడి అద్దమన్నాడు. మేడ మీది రిటైర్డ్ హెడ్మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "గాలి తగలనివ్వాలయ్యా, పక్కు కట్టాలి" అని తీర్పు చెప్పారు. మా అమ్మ పథ్యం ప్రకటించింది. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ తింటే దురద, గోంగూర ఊసే ఎత్తకూడదు. మోకాలు మానేదాకా గోంగూర మానాలట. ఈ రెండు మానడాల్లో ఏది కష్టమో గుంటూరు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కొత్త చర్మం కట్టుకోవడానికి ఒంటికి ప్రోటీన్ కావాలని, అది ఆ పప్పులోనే ఉందని డాక్టరు అన్నాడు గానీ, ఆయన మా ఇంట్లో వంట చేయడు కదా.

ఇంత నిండు సభ నడుస్తుండగా మావాడు గాయం కడిగి, చర్మం రంగు ప్యాచ్ ఒకటి అంటించేశాడు. అంతే, చూడ్డానికి ఏమీ మిగల్లేదు. వచ్చినవాళ్ళు కాసేపు ఫ్యాను వంక చూసి వెళ్ళిపోయారు.

పైగా వాడి దగ్గర సాక్ష్యం కూడా ఉంది. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల ఒంటి మీద గాయాలు చేసి, కొన్ని గాలికి వదిలేసి, కొన్నిటికి పాలిథిన్ పొర కప్పాడట. కప్పినవి దాదాపు రెండింతల వేగంగా కొత్త చర్మం కట్టాయి. పక్కు ఎండి గట్టిపడితే కొత్త కణాలు దాని అడుగున దారి తవ్వుకుంటూ పోవాలి. తడి మీద అయితే జారుకుంటూ పోతాయి. అరవై ఏళ్ళు దాటినా ఈ కబురు మా మేడ మీదికి ఎక్కలేదు. ఎక్కించబోతే హెడ్మాస్టారు ఒకే మాట అడిగారు. "మనం పందులమా?"

రెండో రోజు ప్యాచ్ తెల్లగా ఉబ్బింది. లోపలి పదార్థం గాయం నీటిని పీల్చుకుని జెల్ అవుతుంది, దాని పని అదే. మా అమ్మకి అలా కనిపించలేదు. "చీము! పప్పు తిన్నావు కదరా!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. తిన్నాను కూడా.

పిన్నిగారి పసుపుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గాయాలకి పసుపు వాడే విద్య తమదేనని ఒక అమెరికా యూనివర్సిటీ 1995లో పేటెంట్ పుచ్చుకుంటే, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. దుగ్గిరాల పసుపు యార్డు పక్కన పుట్టిన మనిషికి ఇంతకన్నా అధికారం ఏం కావాలి? ఆ డబ్బాలో తడి చెంచా ఉందని, పులిహోరకి వాడే పసుపు కూడా అదేనని, గాయంలో ఎండి అట్టకట్టిన దాన్ని గీకి తీసేటప్పుడు నర్సమ్మ నాతో మాట్లాడడం మానేసిందని ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఇప్పుడొచ్చే ప్యాచ్‌లు మరీ మితిమీరాయి. 2022లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు వైర్లు లేని ప్యాచ్ చేశారు. గాయం తీరు కనిపెట్టి సన్నగా కరెంటు ఇస్తుంది. దాంతో ఎలుకల గాయాలు పాతిక శాతం త్వరగా మానాయి. మరుసటి ఏడు అక్కడిదే కాల్టెక్ అనే మరో యూనివర్సిటీ వాళ్ళ ప్యాచ్ గాయంలో వేడి, పీహెచ్ (అంటే ఆమ్లం పాలు), గ్లూకోజ్, యూరిక్ యాసిడ్ కొలిచి, కరెంటుతో పాటు మందు కూడా వదిలింది. కరెంటు ఎందుకంటే, చర్మానికి స్వతహాగా కాస్త వోల్టేజీ ఉంటుంది. తెగిన చోట ఆ కరెంటు కారుతుంది, కణాలు దాని జాడ పట్టుకుని గాయం వైపు నడుస్తాయి.

ఈ పనులన్నీ పిన్నిగారు ఎప్పట్నుంచో చేస్తున్నారు. చేతి వెనక వైపు ఆనించి వేడి చూస్తారు, వంగి వాసన చూస్తారు, మందు వదలడం సరేసరి. ఆవిడ అద్దేటప్పుడు ఒళ్ళంతా పాకేది కరెంటు కాక మరేమిటి? ఛార్జింగ్ కూడా అక్కర్లేదు, గ్లాసుడు కాఫీ చాలు.

అయితే ఆవిడ పనిచేయాలంటే ముందు మనం మూలగాలి. మా పెదనాన్నకి పాతికేళ్ళుగా షుగర్. అరికాల్లో మేకు దిగిన సంగతి ఆయనకే తెలియలేదు, నరాలు మొద్దుబారిపోయాయి. నొప్పి లేదు గనక మూలుగు లేదు, మూలుగు లేదు గనక ఎవరూ రాలేదు. మేజోడు తడిసి వాసన వచ్చాక గానీ ఆ కాలు ఎత్తి చూడలేదు. రెండు వేళ్ళు పోయాయి. నా మోకాలికి పద్నాలుగు మంది వచ్చారు, లెక్కపెట్టాను. కాల్టెక్ వాళ్ళు ప్యాచ్ వేసి చూసిన ఎలుకలకి కూడా షుగరే. పరామర్శకి ఎవరూ రాని గాయాల కోసమే వాళ్ళు ఇంత అవస్థ పడుతున్నట్టున్నారు. ఇది మన సంప్రదాయం మీద విమర్శ అని ఎవరైనా అనుకుంటే నాది పూచీ కాదు.

ఐదో రోజు మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే మోకాలి దగ్గర ఏదో పాకినట్టయింది. కళ్ళు తెరిస్తే పిన్నిగారు. ప్యాచ్ అంచు గోటితో పట్టుకుని ఉన్నారు.

"లోపల ఎట్టా ఉందో ఒక్కసారి చూసి మళ్ళీ అంటించేస్తానయ్యా."

నేను వద్దనేలోపే ఫట్టుమని లాగేశారు. తృప్తిగా తల ఊపారు. "చక్కగా మానిందే!"

ఆ మానిన చర్మం సగం ప్యాచ్‌తో పాటు ఆవిడ చేతిలో ఉంది.